బ్లాక్ హోల్ లెక్కలో సగం

“మీరు దేని మీద కూర్చున్నారో తెలుసా అండీ?”

ఉదయభాస్కర్ ఉలిక్కిపడి లేచాడు. అరుగు మీద గుడ్డ కింద పేర్చిన వంద పూతరేకులు తెల్లటి పొడి అయిపోయాయి.

“కాగితాలనుకున్నానండి.”

“కాగితాలైతే కూర్చుంటారా?” అంది సూర్యకళ.

ఆత్రేయపురంలో ఆమె తండ్రి పెద్దిరాజు గారి మేడ గదిలో అతను అద్దెకు దిగి గంటే అయింది. మర్నాటి నుంచి, బోర్లించిన కుండ మీద ఆమె రేకులు తీసే పొయ్యి దగ్గరే తేలాడు.

“ఇంతకీ మీ పనేంటండి?”

“బ్లాక్ హోల్ లోపల ఎన్ని రకాల అమరికలుంటాయో లెక్కపెడతానండి.”

“లోపలికెళ్లొచ్చారా?”

“లేదండి. మాక్ మాడ్యులర్ ఫంక్షన్ అని ఒకటుంది. అందులో వరసగా వచ్చే సంఖ్యలే ఆ లెక్క. దానికో ఫార్ములా ఊహించాను.”

“మాక్ అంటే ఉత్తుత్తిదా?”

“ఒంటరిగా సగమేనండి. నీడను కూడా కలిపితేనే నిండుతుంది.”

సూర్యకళ తలెత్తి చూసింది. ఆ చూపుకి అతను కూలబడబోయి, ముందు అరుగు తడిమి చూసుకున్నాడు.

పది రోజులకు పెద్దిరాజు గారి దగ్గరికెళ్లి, “అమ్మాయిని నాకిస్తారా అండీ?” అని అడిగేశాడు.

“ఏం సాధించావయ్యా?”

“ఫార్ములా ఊహించానండి.”

“ఊహా! శుక్రవారం నిడదవోలు సంబంధం వాళ్లొస్తున్నారు. వాళ్ల మిల్లు ఊహ కాదు, చూసొచ్చాం.”

“తొమ్మిది సంఖ్యలు భిన్నం లేకుండా పూర్ణంగా వచ్చాయండి.”

“అయితే పదోది కూడా రానీ. రాకపోతే గది ఖాళీ చెయ్యి.”

గురువారం పొద్దున్నే వాకిట్లో స్టూలు మీద లాప్‌టాప్ పెట్టారు. ఎదురింటి చిట్టెమ్మ దానికి బొట్టు పెట్టి కొబ్బరికాయ కొట్టింది. వీధంతా వచ్చింది. వెనక నుంచి ఎవరో “మెజారిటీ ఎంత?” అని అరిచారు.

సంఖ్య వచ్చింది. ఇరవై మూడు అంకెలు, చివర అర.

“అరేంటి?” అన్నారు పెద్దిరాజు గారు. “అర అమరిక ఉంటుందా?”

“ఉండకూడదండి.” భాస్కర్ తెర మీద సంఖ్యను మళ్లీ మొదటి నుంచి చదివాడు.

సూర్యకళ కుండ దగ్గర నుంచి లేవకుండానే అడిగింది. “మొదటి సంఖ్య ఎలా వచ్చిందండీ?”

“అది అంచనా వేసి పెట్టానండి. మిగతావన్నీ దాని మీదే నిలబడ్డాయి.”

“కుండ వేడి కుదరకముందు తీసిన రేకు మేం కట్టలో కలపమండి. అది పారేసి మళ్లీ తీస్తాం.”

భాస్కర్ మొదటి సంఖ్య కొట్టేసి, దాన్ని విడిగా లెక్కకట్టాడు. రెండు గంటలు పట్టింది. కొబ్బరి ముక్కలు అయిపోయినా ఎవరూ కదల్లేదు. ఈసారి పదో సంఖ్య చివర ఏ అరా లేదు. వీధి ఈలలు వేసింది.

“అయితే రుజువైనట్టేగా?” అన్నారు పెద్దిరాజు గారు.

భాస్కర్ తల అడ్డంగా ఊపాడు. “లేదండి. ఇంకా ఊహే. పదకొండోది తప్పొచ్చు.”

ఈలలు ఆగిపోయాయి. పెద్దిరాజు గారు అతని వైపు తిరిగారు.

“గెలిచాక కూడా నిజం చెప్పావు. మిల్లు వాళ్లను రావద్దంటాను,” అని ఫోన్ తీశారు.

“ఆగండి నాన్నా.” సూర్యకళ లేచొచ్చింది. “ఈయన మిమ్మల్నడిగారు, కంప్యూటర్నడిగారు. నన్నెప్పుడడిగారు?”

భాస్కర్ తెల్లబోయాడు. “మీకిష్టమేనని... ఊహించానండి.”

“దేన్ని బట్టి?”

“మీరు రోజూ నా టీ పక్కన ఒక పూతరేకు పెట్టారండి. పక్క గదిలో అద్దెకున్నాయనకు పెట్టలేదు. ఇప్పటికి పద్నాలుగు.”

“పదిహేను,” అంటూ సూర్యకళ అతని చేతిలో ఒకటి పెట్టింది. “ఇవాళ్టిది మర్చిపోయారు.”