చిట్యాల నాకాలో ద్రౌపది చీర

ద్రౌపదికి చీర కావాలని సీతారాములు అడిగినప్పుడు మగ్గం మీద కూర్చున్న ఆండాళు తలైనా ఎత్తలేదు. ద్రౌపది ఏ ఊరామె అని మాత్రం అడిగింది.

"నాటకంల ద్రౌపది. భారతంల ఆమె."

"ఎన్ని మూరల చీర కట్టుకుంటదట?"

"అయిపోవద్దు. గుంజినకొద్దీ వస్తనే ఉండాలె."

అప్పుడు తల ఎత్తింది ఆండాళు. ఎదురుగా ఉన్నది నల్గొండ కాలేజిలో చదివే మనిషి, ప్యాంటు వేసుకున్నవాడు, పైగా బావ వరుస. పైకి నవ్వితే బాగుండదని కొంగు నోట్లో కుక్కుకుంది. భుజాలు మాత్రం ఆగకుండా ఊగాయి.

సీతారాములు వాళ్లదీ పద్మశాలి ఇల్లే. కానీ వాళ్ల నాయిన చిన్నప్పుడే మగ్గం విడిచి కచేరీలో గుమాస్తాగా కుదిరాడు. కొడుక్కి కండె అంటే ఏమిటో, ఆసు అంటే ఏమిటో తెలియదు. తెలియదన్న సంగతి కాలేజిలో ఎవరికీ తెలియదు. పోలీసు యాక్షన్ అయి ఏడాది దాటింది, కాలేజి మళ్లీ కుదురుకుంది, అందరూ కలిసి నాటకం వేద్దామన్నారు. వేషాల బట్టలు ఎవరు చూస్తారు అన్న మాట వచ్చేసరికి తెలుగు పంతులు క్లాసంతా కలయజూసి, సాలోళ్ల పిల్లగాడు ఉండగా మనకు ఫికరెందుకు అన్నాడు. నాకు రాదు అనడానికి సీతారాములుకు నామోషీ అయింది.

ఒప్పుకున్నాక మనసు పెట్టి చేశాడు, ఆ మాట చెప్పుకోవాలి. గ్యాస్‌నూనె డబ్బా కత్తిరించి కర్ణుడికి కవచం కుట్టాడు. జనుముతో ధృతరాష్ట్రుడికి గడ్డం కట్టాడు. ఎండిన సొరకాయ బుర్రకు కర్ర తగిలించి భీముడికి గద ఇచ్చాడు. అన్నీ కుదిరాయి గానీ ద్రౌపది చీర దగ్గర బండి ఆగిపోయింది. అప్పుడు వాళ్లమ్మ రామన్నపేటలో తనకు తమ్ముడి వరుసయ్యే వెంకటనర్సు దగ్గరికి పొమ్మంది. ఆండాళు అతని కూతురే.

ఆ ఇంటికి వచ్చి చూస్తే అతనికి ప్రాణం లేచొచ్చింది. పెళ్లివాళ్ల కోసం నేసిన ఎర్ర చీరలు మగ్గం మీద ఒకదాని వెనక ఒకటి చుట్టుకుని ఉన్నాయి. నేతవాళ్లు ఒకే పడుగు దారాల మీద వరసగా చీరలు నేస్తారు. చీరకూ చీరకూ నడుమ జానెడు మేర నేయకుండా ఒట్టి దారాలు వదిలి, మగ్గం దించాక అక్కడ కోస్తారు. వెంకటనర్సు ఇంట్లో పెళ్లి చీరలకు మంచిరోజు చూసి, పసుపు పెట్టి మరీ కోయడం అలవాటు. ఆ మంచిరోజు ఇంకా రాలేదు.

"కోయకు మామా" అన్నాడు సీతారాములు. "గిట్లనే ఇయ్యి. నాటకం కాంగనే తెచ్చిస్త."

వెంకటనర్సు మాటలు తక్కువ మనిషి. పోలీసులన్నా, మిలిటరీ అన్నా, చివరికి పోస్టుమాన్ అన్నా భయం. గడపలో కూర్చుని చాలాసేపు చుట్ట కాల్చి, ఇస్తాను గానీ చీరల వెంట నేనూ వస్తానన్నాడు. అందులో సగం నేసింది నేను కదా, నేనూ వస్తానని ఆండాళు లేచింది. దారి పొడుగునా బావను ఏడిపించవచ్చన్నది ఆమె మనసులోని మాట.

తెల్లారి బస్సెక్కారు. చీరల చుట్టను వెంకటనర్సు పాత దుప్పట్లో మూట కట్టి, ఎవరికీ కనిపించకుండా కాళ్ల సందున పెట్టుకున్నాడు. ఆ దాచిపెట్టడమే కొంప ముంచింది. చిట్యాల నాకా దగ్గర తనిఖీ చేసే మిలిటరీవాళ్లు బస్సును ఆపారు. మీసాల జమేదారు ఒకడు ఎక్కి, బస్సులో ఎంతమంది ఉన్నా నేరుగా ఆ మూట దగ్గరికే వచ్చాడు. విప్పమన్నాడు.

విప్పితే ఎర్రబట్ట. లాగితే ఇంకా ఎర్రబట్ట. ఇద్దరు జవాన్లు చెరో వైపు పట్టుకుని రోడ్డు మీదికి బారుగా లాగినా అది ఆగలేదు. ఆ రోజుల్లో జేబురుమాలంత ఎర్రబట్ట దొరికినా సంఘపోళ్లవా, కమ్యూనిస్టులవా అని అడిగేవారు. ఇది చూస్తే నల్గొండ జిల్లాలో ప్రతి చెట్టుకూ ఒక జెండా కట్టేంత ఉంది.

ఎవరిదని అడిగాడు జమేదారు. సీతారాములు లేచి, ఒక ఆడమనిషి చీర అని ఉర్దూలో చెప్పాడు. ఒక్క ఆడమనిషిదేనా అన్నాడు జమేదారు. ఒక్కరిదే, కానీ ఎంత లాగినా చీర అయిపోవద్దు అన్నాడు సీతారాములు. ఎందుకు లాగుతారని అడిగితే, నిండు సభలో అవమానం చేయడానికన్నాడు. జమేదారు ముఖం ఎర్రబడింది. ఆ ఆడమనిషి పేరేమిటని గద్దించాడు. బెదిరిపోయిన సీతారాములు నోటికి నిజమే వచ్చింది.

"రామచంద్రం" అన్నాడు.

ద్రౌపది వేషం కట్టేది తోటి విద్యార్థి రామచంద్రమే. కానీ ఆ సంగతి చెప్పేలోపల జవాను చెయ్యి సీతారాములు మెడ మీద పడింది. కిందికి దిగమన్నారు.

ఆండాళు లేచి నిలబడింది. అంగట్లో నేర్చుకున్న నాలుగు ఉర్దూ ముక్కలే ఆమె ఆస్తి.

"షాదీ కా కపడా, సాబ్" అంది. చీరలను లాగి ఒక కొంగు భాగం అతని ముందు పరిచింది. "జెండాకు కొంగుంటదా? అంచుంటదా?"

ఎవరి పెళ్లి అని అడిగాడు జమేదారు. ఆండాళు తన వైపు వేలు చూపించుకుని, అదే వేలు సీతారాములు వైపు తిప్పింది.

జమేదారు వెంకటనర్సు వైపు చూసి నిజమేనా అన్నాడు. పుట్టి బుద్ధెరిగాక ఒక్క అబద్ధం ఆడని మనిషి, బస్సు నిండా జనం చూస్తుండగా తల ఊపాడు.

జమేదారు మీసాల కింద నవ్వు కనిపించింది. మరి రామచంద్రం సంగతేమిటన్నాడు. ఈసారి ఆండాళే సైగలతో, సగం తెలుగులో, సగం ఉర్దూలో నాటకం సంగతి చెప్పింది. పెళ్లికి ముందు ఈ చీరలనే నాటకంలో వాడుకుంటున్నారంది. ఆ చీర కట్టే మొగోణ్ని తాను కళ్లారా చూడాలని, నాటకానికి వస్తానని జమేదారు బస్సు వదిలాడు.

బస్సు కదిలిందో లేదో వెనక సీట్లోని వాళ్ల ఊరి ఈదమ్మ మొదలుపెట్టింది. గింత మంచిమాట ఇన్నాళ్లు దాచిపెడ్తరా అని వెంకటనర్సును దెప్పింది. పిల్లగాడి గోత్రం అడిగింది. నకిరేకల్ బాజావాళ్లయితే బాగా వాయిస్తారంది. నల్గొండ చేరేసరికి బస్సంతా కలిసి ఆ పెళ్లికి వంటలు కూడా తేల్చేసింది.

దిగాక ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూడలేదు. వెంకటనర్సు ముందుగా గొంతు సవరించుకుని, పదిమందిలో తల ఊపిన, ఇగ అది మాట ఇచ్చినట్టే అన్నాడు.

"నువ్వు ఊపినవు బాపు. నేను ఊపలె" అంది ఆండాళు. "ఆయనను పట్టుకపోతరని నోటికొచ్చింది చెప్పిన. దానికి ఎవ్వలు కట్టుబడేది లేదు."

సీతారాములుకు లోపల వేరే సంగతి జరుగుతోంది. బస్సులో ఆమె వేలు తన వైపు తిరిగినప్పటి నుంచి గుండె ఒకచోట ఉండటం లేదు. ఆ ముక్కే చెప్పి ఉంటే పోయేది. బడాయికి పోయి, పెద్దరికంగా అన్నాడు:

"నాకేం తక్లీఫ్ లేదు. చేసుకుంట తియ్యి."

ఆండాళు అతన్ని కింది నుంచి పైకి చూసింది.

"తక్లీఫ్ లేదా. పెండ్లంటే బస్సుల జాగా దొరికినట్టనుకున్నవా, జరిగి కూసోనీకె?"

ఆ తరువాత ఆమె అతనితో మాట్లాడింది ఒక్క మాటే. నడుమ ఉన్న ఒట్టి దారాల మీద లోపలి నుంచి పాతగుడ్డ పట్టీ వేసి కుట్టు, బలమంతా వాటి మీద పడితే తెగుతాయి అంది. నాకు తెలుసులే అన్నాడు సీతారాములు, తెలియకపోయినా. తరువాత ధృతరాష్ట్రుడి గడ్డం ఊడిపోయింది, కవచం వీపులో గుచ్చుకుంటోందని కర్ణుడన్నాడు, ఆ గొడవలో పట్టీల మాటే మరిచిపోయాడు.

సాయంత్రమైతే కర్ఫ్యూ కాబట్టి నాటకం పట్టపగలే పెట్టారు. ఆడవాళ్లు ఒక వైపు, మగవాళ్లు ఒక వైపు, ముందు వరసలో జమేదారు, అతని వెనక నాకా మొత్తం. మీసం గొరిగించుకోవడానికి రామచంద్రం ఒప్పుకోనందున ద్రౌపది పైట ముఖానికి అడ్డం పెట్టుకునే వచ్చింది. చీరలన్నీ ఒంటికి చుట్టుకోవడంతో ధాన్యం గుమ్మిలా ఉంది. జమేదారు తృప్తిగా తల ఆడించాడు.

దుశ్శాసనుడు పర్వతాలు. కుస్తీ పట్టేవాడు. నటన రాదు గానీ లాగమంటే బావిలోంచి బర్రెనైనా లాగుతాడు. మొదటి చీర వచ్చింది, జనం చప్పట్లు కొట్టారు. రామచంద్రం గిరగిరా తిరుగుతూ కృష్ణా, కృష్ణా అంటున్నాడు. ఒట్టి దారాల చోటు వచ్చింది. పర్వతాలు కాలు తన్నిపెట్టి లాగాడు. పటుక్కుమని ఒక దారం తెగింది. మళ్లీ ఇంకొకటి. చిరుగు చీర మీదికి పాకబోతోంది.

తెర పక్క నుంచి సీతారాములుకు అది కనిపించింది. ఆడవాళ్ల వైపు ఆండాళు లేచి నిలబడటమూ కనిపించింది. ఆమె చూస్తున్నది నాటకం కాదు, ఆ దారాలు. తాను చేసిన పని ఏమిటో అతనికి అప్పుడు తెలిసింది. ఇంకేమీ ఆలోచించలేదు. ప్యాంటుతో, మెడలో జనుము గడ్డంతో, నోట్లో సూదితో సభలోకి ఉరికి చీరను రెండు చేతులా పట్టుకున్నాడు. సూదిని ఉమ్మేసి అన్నాడు:

"ఇడువు పర్వతాలు. చినుగుతాంది. నేసినోళ్ల పాణం పోతది."

దుశ్శాసనుడు విడిచిపెట్టాడు. ఆ ఊపుకు ద్రౌపది వెల్లకిలా పడింది, పైట తొలిగి మీసం బయటపడింది. కృష్ణుడు ప్యాంటేసుకుని వచ్చాడని వెనకెవరో అరిచారు. సరిగ్గా అప్పుడే ఒంటికి నీలం పూసుకున్న అసలు కృష్ణుడు అటువైపు నుంచి వచ్చి, ఇక్కడ పని అయిపోయిందని చూసి, ఏం చేయాలో తోచక చెయ్యెత్తి దీవించాడు. తెలుగు పంతులు తల పట్టుకున్నాడు. జమేదారు కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాడు.

నాటకం చెడింది. చీరలు బతికాయి. తెర వెనక ఆండాళు తెగిన దారాలు ముడివేస్తుంటే సీతారాములు చీరల చుట్టను చేతుల మీద మోస్తూ నిలబడ్డాడు. అప్పుడే జమేదారు లోపలికి వచ్చి అతని వీపు చరిచి, పెళ్లి ఎప్పుడు, నన్ను పిలుస్తావా లేదా అని అడిగాడు.

వెంకటనర్సు కూతురి వైపు చూశాడు. కూతురు దారాల వైపు చూసింది. అవునంటే అందరూ గట్టెక్కుతారు. కానీ ఆమె కాదన్న మాటను తాను అవునని చెప్పడానికి సీతారాములుకు మనసొప్పలేదు.

పెళ్లేమీ లేదు సాబ్ అన్నాడు. నన్ను తప్పించడానికి ఆమె అట్లా చెప్పింది, శిక్ష వేయాలనుకుంటే నాకు వేయండి, ఆమె మీద ఏ మాటా పడొద్దు అన్నాడు.

జమేదారు నవ్వు ఆగిపోయింది. ఒకరి తరువాత ఒకర్ని చూశాడు. కాపాడటానికి అబద్ధం చెప్పేది ఒకతె, కాపాడటానికి నిజం చెప్పేవాడు ఒకడు, మిమ్మల్నిద్దర్నీ వేరువేరుగా ఉంచితే లోకానికి ప్రమాదం అని గొణుక్కుంటూ టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు.

సీతారాములు ఆండాళు వైపు తిరిగి నోరు తెరిచాడు. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"ఈడ కాదు. నిన్ను పట్టుకపోయేటోళ్లు ఎవ్వలు లేని కాడ, నువ్వే నడిచొచ్చి అడుగు."

వారం తిరక్కముందే సీతారాములు రామన్నపేటలో దిగాడు. అతన్ని చూడగానే వెంకటనర్సుకు పెరట్లో ఏదో పని గుర్తొచ్చి వెళ్లిపోయాడు. ఆండాళు మగ్గం మీద ఉంది. అతను గడప దగ్గరే నిలబడ్డాడు, మెటికలు విరుచుకున్నాడు, వాన పడేట్టుందన్నాడు. వాన పడే జాడే లేదు.

"వాన సంగతి చెప్పనీకె వచ్చినవా బావా?"

"భయమైతాంది."

"మిలిటరాయన ముందట కాలె గద."

"ఆయన జైల్ల ఏస్తడనుకున్న. ఆడికైతే తొవ్వ తెలుసు" అన్నాడు సీతారాములు. "నువ్వు కాదంటే యాడికి పోవాల్నో తెల్వది. గందుకే భయం. నన్ను చేసుకుంటవా?"

మగ్గం చప్పుడు ఆగింది. పెరట్లో వెంకటనర్సు చుట్ట దగ్గు కూడా ఆగింది.

ఆండాళు మెల్లగా మగ్గం గుంటలోంచి లేచి, చేతులు కొంగుకు తుడుచుకుని, చెంబుతో నీళ్లు తెచ్చి అతని చేతికిచ్చింది.

"కాళ్లు కడుక్కోని లోపలికి రా" అంది. "బాపును సుత పిలువు. గోడకు చెవి ఆనించి నిలబడి నిలబడి ముసలాయనకు కాళ్లు గుంజుతుంటయి."