రాళ్ల గదిలో గీకుడు చప్పుడు

ఆ మ్యూజియంలో మెట్లన్నీ దిగితే చివర ఒక గది. రాళ్ల గది అంటారు. పొద్దుగూకాక అందులో ఎవరూ అడుగు పెట్టరు. ఓసారి పెట్టిన గుమాస్తా చెప్పులు అక్కడే వదిలేసి పైకొచ్చి, మర్నాడే బదిలీకి అర్జీ పెట్టుకున్నాడని చెప్పుకుంటారు.

అక్కడ దెయ్యం ఉందట. కనిపించదట. వినిపిస్తుందట. కిర్... కిర్... అని, సూదితో రాయిని గీకుతున్నట్టు. కాసేపు ఆగి, మళ్లీ — కిర్.

ఆ గదిలో సూదితో రాళ్లు గీకిన మనిషి ఒకాయన ఉండేవాడు మరి. సూది తాత అనేవారు. శిలాజాలై రాతిలో ఇరుక్కున్న చేపల్ని సూదిమొనతో తొలిచి, ఒక్క ముల్లు కూడా విరక్కుండా బయటికి తేల్చేవాడు. నలభై ఏళ్లు అదే పని. ఒకనాడు బల్ల మీద తల వాల్చినవాడు మళ్లీ ఎత్తలేదు. పోయినా పని వదల్లేదు పాపం, అనుకున్నారు అందరూ.

ఆయన దగ్గర పని నేర్చుకున్నావిడకి మాత్రం ఆ మాట వింటే ఒళ్లు మండేది. ఆవిణ్ణి చేపలమ్మ అంటారు. రాక్షసబల్లుల నాటి, జురాసిక్ కాలపు చేపలకి పొలుసులూ రెక్కముళ్లూ లెక్కపెట్టి, ఏది ఏ జాతో తేల్చడం ఆమె ఉద్యోగం.

తాత చివరిగా తేల్చిన చేప జానెడుంటుంది. "ఇది మనకి తెలిసిన వాటిల్లో దేనికీ చుట్టం కాదమ్మా," అన్నాడట. "తొందరపడకు. లెక్క తేలాకే పేరు పెట్టు."

ఆరేళ్లు పట్టింది. దవడ వేరు, వీపు మీద రెక్క వేరు. కొత్త జాతే. పేరు కూడా అనుకుంది — తాత పేరే. నలభై ఏళ్ల చాకిరీలో ఏ కాగితం మీదా ఆయన పేరు పడలేదు.

ఒక్క లెక్క మిగిలింది. ఒంటి పక్కన వరసలో పొలుసులెన్ని? ఫోటోలో తోక దగ్గర మసకగా ఉంది. తెల్లారితే వ్యాసం పంపాలి.

వారం రోజులుగా ముసురు. ఆమె కిందికి బయల్దేరేసరికి ఎనిమిది దాటింది.

"పొద్దున చూసుకోకూడదా తల్లీ?" అన్నాడు వాచ్‌మన్.

"పావుగంట బాబాయ్."

"రోజూలాగే ఆరింటికి కరెంటు మెయిన్ కట్టేశాను. ఆఫీసు ఆర్డరు. ఈ టార్చి తీసుకో. మెట్ల మీద కూర్చుంటా... కిందికి మాత్రం రాలేను."

తలుపు తీసింది. తేమ వాసన. ఆ వెనకే ఇంకేదో... కాల్చిన అగ్గిపుల్ల వాసన.

టార్చి వెలుగులో బీరువాలు, వాటి నిండా సొరుగులు. పగలంతా గదిలో తేమ లాగే యంత్రం రొద పెడుతూ ఉంటుంది. మెయిన్ కట్టేశాక ఇప్పుడది ఆగిపోయి ఉంది. ఇంత నిశ్శబ్దంగా ఈ గదిని ఆమె ఎప్పుడూ వినలేదు.

కిర్...

ఉన్నచోటే ఆగి చెవి రిక్కించింది.

కిర్... కిర్...

ఎదుటి బీరువాలోంచే. తాత చేప ఉన్న బీరువా.

"తాతగారూ..." అంది. భయమో ఆశో ఆమెకే తెలియలేదు. సొరుగు పట్టుకుని లాగింది —

చేతులు లేవు. సూది లేదు. చేప ఉంది. దాని చుట్టూ పసుపుపచ్చటి రాతిపొడి.

ఆమె చూస్తుండగానే రాయి మీద వెంట్రుకంత పగులు పాకింది. కిర్... ఒక పొలుసు పైకి లేచి, పక్కకి ఒరిగి, పొడిలో పడింది.

అర్థమైపోయింది. ఇలాంటి రాళ్లలో ఇనుమూ గంధకమూ కలిసిన మెరుపు ఖనిజం ఒకటి ఉంటుంది. తేమ తగిలితే అది ఆమ్లం కక్కి, ఉబ్బి, రాయిని లోపల్నుంచి చీలుస్తుంది. చెద లాంటిది. మొదలయ్యాక ఆపే మందు లేదు.

పడబోయే ముక్కకి వేలు ఆనించింది. ముక్క వేలికిందే పిండైంది. చటుక్కున చెయ్యి తీసేసింది. ముట్టుకుంటే పోతుంది. ముట్టుకోకపోయినా పోతుంది.

చేసేదేం లేక లెక్కపెట్టడం మొదలెట్టింది. తల వైపు నుంచి... ఇరవై... ముప్ఫై... ముప్ఫై ఎనిమిది దగ్గర తోక విడిపోయింది. ఆ తర్వాత లెక్కపెట్టడానికి ఏమీ లేదు. రాయే లేనప్పుడు కొత్త జాతి అంటే నమ్మేదెవరు? తాత పేరు పెట్టుకోవడానికి ఇంకో చేప లేదు.

ఎంతసేపైందో. మెట్ల మీద అడుగులు. ఉండబట్టలేక వాచ్‌మన్ దిగి వచ్చాడు.

"తల్లీ... కనిపించాడా?"

"తాత కాదు బాబాయ్. రాయి. తేమకి పగులుతోంది."

ఆయన గుండె మీద చెయ్యి వేసుకుని గట్టిగా ఊపిరి వదిలాడు. "హమ్మయ్య. ఇన్నేళ్లూ దెయ్యం దెయ్యమని తలుపులేసుకుని కూర్చున్నాం. వట్టి రాయా..."

ఆమె టార్చి ఆర్పి, తల వంచి వింటోంది.

కిర్... ఎడంపక్క. కిర్... వెనక, గోడ దగ్గర. కిర్...

"ఇప్పుడు ఏ సొరుగులోంచమ్మా?" అన్నాడు చీకట్లోంచి.

"అన్నిట్లోంచీ," అంది.