లప్పం కింద తుప్పు

పొద్దున్నే మేస్త్రి షెడ్డులోకి వచ్చేసరికి, కూతురు అప్పటికే పాత కారు ముందు గొంతుకూర్చుని ఉంది.

"ఇంత పెందలాడే ఏం చేస్తున్నావే?"

"రంగు ఎక్కడైనా తేడా వచ్చిందేమో చూస్తున్నా నాన్నా. నర్సమ్మగారు తొమ్మిదింటికి వచ్చేస్తారుగా."

నర్సమ్మగారు ఊళ్లో ఆసుపత్రిలో నర్సు. ఆ కారు ఆవిడ భర్తది. ఆయన పోయాక నాలుగేళ్లు పెరట్లో వానకు నానింది. ముందు చక్రాల మీది మడ్‌గార్డులు రెండూ తుప్పు పట్టి జల్లెడలయ్యాయి. కుళ్లిన భాగం కోసేసి కొత్త రేకు అతుకుతానని మేస్త్రి మాటిచ్చాడు. పాత కార్ల రేకు పనికి ఊరంతా ఆయన దగ్గరికే వస్తారు.

కూతురి చేతిలో చిన్న అయస్కాంతం ఉంది. కుడి మడ్‌గార్డు మీద పెడితే టక్కున అంటుకుంది. ఎడమ దాని మీద పెడితే జారి కిందపడింది. మళ్లీ పెట్టింది. మళ్లీ పడింది.

"నాన్నా, ఇక్కడ రేకేదీ?"

"లోపలుంది. లప్పం కాస్త మందంగా పడింది, అంతే."

ఆమె స్క్రూడ్రైవరు మొన ఆనించి నొక్కింది. మొన కసుక్కున లోపలికి దిగింది. లప్పం పెళ్లలు ఊడి, తుప్పు పొడి రాలింది. దాని వెనక అల్యూమినియం జాలీ ముక్క బయటపడింది. చిల్లుకి జాలీ అడ్డం పెట్టి, పైన లప్పం మెత్తి, నున్నగా రుద్దేశాడు మేస్త్రి. ఆ సంగతి తెలియక రంగు కొట్టింది ఆమే.

"ఇలా చేసేవాళ్లని నువ్వే కదా తిట్టేవాడివి? రోగిష్టిదానికి పౌడర్ రాసి పెళ్లిచూపుల్లో కూర్చోబెట్టారని నవ్వేవాడివి" అంది మెల్లగా. "హెడ్‌లైటు దీనికే బిగించావు. గుంతలో పడితే ఊడొచ్చి చక్రం కింద పడుతుంది నాన్నా."

"నాకు పాఠాలు చెప్పకు. నువ్వు రంగు వరకే చూసుకో."

టీ గ్లాసులు తెచ్చిన భార్య గుమ్మంలోనే ఆగిపోయింది. ఆమె వెనకే నర్సమ్మగారు వచ్చారు.

"అబ్బ, ఎలా మెరిసిపోతోందో" అంటూ బానెట్టు నిమిరారు. "మీ చేతిలో పెట్టాక నాకు బెంగ లేదు మేస్త్రీ. ఇప్పుడే చెల్లెల్ని ఎక్కించుకుని వాళ్లూరు బయల్దేరుతున్నా. తాళం ఇవ్వండి."

తాళం మేస్త్రి జేబులోనే ఉంది. చెయ్యి జేబులోకి వెళ్లింది కాని బయటికి రాలేదు. చిల్లుకి అడ్డంగా నిలబడ్డ కూతురు ఆయన్నే చూస్తోంది.

చివరికి ఆమే అంది: "ఏమనుకోకండి. ఎడమవైపు పని నేను చేశాను. సరిగ్గా కుదరలేదు. వారం రోజులు ఆగండి, మళ్లీ చేసిస్తాం."

నర్సమ్మగారి ముఖం మాడిపోయింది. "ముప్ఫై ఏళ్లు కష్టపడి మీ నాన్న సంపాదించుకున్న పేరమ్మా అది. పని రానప్పుడు చెయ్యెందుకు పెట్టావు? రేపు ఎవరికైనా ఏదైనా అయితే?"

"తప్పయిపోయిందండీ."

మేస్త్రి నేల మీది ఆయిలు మరకల్ని చూస్తూ ఉండిపోయాడు. నర్సమ్మగారు విసవిసా వెళ్లిపోయారు.

"పిల్ల మాటలు పడుతుంటే చూస్తూ నిలబడ్డారు" అంది భార్య. గొంతు పెంచలేదు. "మీరేనా?"

ఆయన పాత టైరు మీద కూలబడ్డాడు.

"కనిపించట్లేదే" అన్నాడు. "ఆర్నెల్లయింది. మంట వెలిగిస్తే అతకాల్సిన గీత రెండుగా కనిపిస్తోంది. కుడివైపు ఎలాగో అతికాను. ఎడమవైపు రెండుసార్లు కొత్త రేకు కాల్చేశాను. వెల్డింగు పని దీనికి ఇచ్చేస్తే ఇక నాకు ఇక్కడ ఏం పని అనిపించింది. అందుకే రంగు దాటనివ్వలేదు."

"నాకొక్క మాట చెప్పొచ్చుగా నాన్నా."

"చెప్పడానికి సిగ్గేసిందమ్మా. ఇప్పుడు పడే సిగ్గు ముందు అదెంత."

ఆయన లేచి, చొక్కా అయినా మార్చుకోకుండా రెండు వీధుల అవతలున్న నర్సమ్మగారింటికి నడిచాడు. బ్యాగులు వసారాలోనే ఉన్నాయి. చెల్లెలు లోపల ఫోనులో, ఇవాళ రావడం లేదని చెబుతోంది. కూర్చోమన్నా కూర్చోకుండా జరిగిందంతా చెప్పాడు.

నర్సమ్మగారు ఆయన ముఖంలోకి సూటిగా చూశారు. "అయితే ఆ పిల్లని నేనన్నవన్నీ మీకు తగలాల్సిన మాటలు."

"అవునమ్మా."

"ఇలా వెలుతురులోకి రండి." వేలితో కంటి రెప్ప ఎత్తి చూశారు. "శుక్లం. ఇంత ముదిరేదాకా దాచుకున్నారా? రేపే ఆసుపత్రికి రండి." రెప్ప వదిలేశారు. "నాకు కోపం పోలేదు మేస్త్రీ. కారు మాత్రం అక్కడే ఉంచండి. సాయంత్రం వచ్చి మీ అమ్మాయితో మాట్లాడతాను."

తిరిగొచ్చేసరికి షెడ్డులో గ్రైండరు మోగుతోంది. కూతురు తుప్పు భాగమంతా శుభ్రంగా కోసేసి, కొత్త రేకు వంచి అంచులు రుద్దుతోంది.

"నా తప్పేనని చెప్పి వచ్చాను" అన్నాడు.

గ్రైండరు ఆగింది. ఆమె ముఖానికున్న మాస్కు పైకెత్తింది. కళ్లు తడిగా ఉన్నాయి.

"వంపు నువ్వు చూడు నాన్నా. అతుకు నేను వేస్తాను."

ఆయన రేకుని మడ్‌గార్డుకి ఆనించి, అంచు వెంట అరచెయ్యి పోనిచ్చాడు. కంటికి దొరకనిది చేతికి తెలిసింది. "ఇక్కడ వెంట్రుకవాసి ఎత్తుంది. చిన్న సుత్తితో రెండు దెబ్బలెయ్యి."

ఆమె రెండు దెబ్బలేసింది.

"చాలు. ఇప్పుడు వెలిగించు."

ఆయన కళ్లలోంచి నీళ్లు చెంపల మీదికి జారుతున్నాయి. తుడుచుకోవడానికి వీల్లేదు. కూతురి కోసం రేకుని రెండు చేతులతో కదలకుండా పట్టుకుని ఉన్నాడు.