కొలతల పుస్తకం చివరి పేజీలు

ఉదయం ఏడు కాకముందే టైలరమ్మ ఇస్త్రీపెట్టె చంకన పెట్టుకుని మూడంతస్తుల మెట్లు దిగుతోంది. ఇంకో చేతి మీద హోటల్ సిబ్బంది వేసుకునే కోట్లు ఆరు. కింద వాచ్‌మన్ గది పక్కన ఒక ప్లగ్గుంది, బల్ల వేసుకునేంత జాగా ఉంది. సొంతింట్లో మూడు గదులు, పదకొండు ప్లగ్గులు. వాటిలో ఒక్కటి కూడా ఆమెకి పనికిరాదు.

రెండు నెలల కిందట కొడుకు చేసిన చట్టం అది. ఇస్త్రీపెట్టె పెడితే కరెంటు కుంగుతుందట. కరెంటు కుంగితే వాడి కంప్యూటర్ తెర నీలంగా మారి, ఆట మధ్యలో చచ్చి ఊరుకుంటుందట. వాడు ఆన్‌లైన్‌లో ఐదుగురి జట్టులో ఆడతాడు. అక్కడ వాడి పేరు రాకెట్టు, ఇంట్లోనూ అదే స్థిరపడింది. కంప్యూటర్ ఆగినప్పుడల్లా జట్టులో మిగతా నలుగురూ వాణ్ణి తిడతారు. ఆ తిట్లని వాడు చెక్కు చెదరకుండా మోసుకొచ్చి తల్లి నెత్తిన దింపుతాడు.

ఇస్త్రీ కిందికి పోయింది. అయినా కంప్యూటర్ ఆగింది. "నీ కుట్టుమిషన్ మోటారే" అన్నాడు. ఆమె మోటారు విప్పేసి పాతికేళ్ళ నాటి కాలి తొక్కుడుకి మళ్ళింది. మోకాళ్ళు వాచాయి. అయినా ఆగింది. అప్పుడు వాడు మూడో మాటన్నాడు. "నాకు తెలీకుండా ప్లగ్గు పెడుతున్నావ్. ఇకనుంచి ఎప్పుడేది పెట్టావో రాసి పెట్టు. నీ మాట నేన్నమ్మను."

ఆమె రాసింది. కొలతల పుస్తకంలో చివరి పేజీల నుంచి వెనక్కి రాసుకుంటూ వచ్చింది. ఆ పుస్తకాన్ని వాడు ఒక్కసారైనా తెరవలేదు. తిట్టడానికి సాక్ష్యం ఎందుకు? గొంతు చాలు.

ఆ పూట మెట్ల మలుపులో పెద్దకూతురు ఎదురైంది. లిఫ్టు మెకానిక్కు. పక్క వీధిలో రాత్రి పని చూసుకుని, టీ తాగి పోదామని వచ్చింది.

"ఇదేంటమ్మా, ఇస్త్రీపెట్టెని వాకింగ్‌కి తీసుకెళ్తున్నావా?"

తల్లి నవ్వబోయింది. ఇంతలో పైనుంచి కేక పడింది.

"మళ్ళీ పోయింది! సాయంత్రం ఫైనల్ పెట్టుకుని మళ్ళీ పోయింది! ఏం పెట్టావే కింద?"

"ఇంకా ఏం పెట్టలేదు నాన్నా, మెట్ల మీదే ఉన్నాను..."

"అబద్ధాలాడకు! నీ ముష్టి కుట్టుపని కోసం నా బతుకు తగలేస్తున్నావు. ఇవాళ ఇంకోసారి ఆగితే జట్టులోంచి తీసేస్తారు, తెలుసా నీకు? ఈ ఇంట్లో నువ్వున్నంతకాలం నేను బాగుపడను."

టైలరమ్మ తల వంచుకుంది. "తప్పు నాదే నాన్నా. వంటింట్లో ఫ్రిజ్ ఆపడం మర్చిపోయాను."

కూతురికి ఒళ్ళు మండింది. తమ్ముడి మీద కంటే తల్లి మీదే ఎక్కువ మండింది. ఇస్త్రీపెట్టె లాక్కుని రెండేసి మెట్లెక్కింది.

"ఒరేయ్ రాకెట్టూ, లిఫ్టు మధ్యలో ఆగితే లోపలున్నవాళ్ళని తిట్టం రా. ముందు మిషన్ గది తెరుస్తాం. నీ మిషన్‌కేం చేశావో చెప్పు."

"నీకు తెలీదులే అక్కా. ఓవర్‌క్లాకింగ్ అంటారు. కంపెనీ పెట్టిన వేగం కంటే ఎక్కువ పరిగెత్తించడం. అందరూ చేస్తారు."

"చేసి, నిలబడుతుందో లేదో పరీక్ష పెట్టావా?"

"టైమేదీ?"

"అమ్మని మూడంతస్తులు దింపడానికి టైముందా?"

వాడు తలుపు ధడాలున వేయబోయాడు. అక్క బూటు అడ్డం పెట్టింది. ఇనుప బూటు. తలుపే తగ్గింది.

"వద్దమ్మా, గొడవొద్దు. అన్నీ రాశాను, చూసుకోమను" అంటూ తల్లి పుస్తకం తెచ్చింది. నేరం ఒప్పుకునేవాళ్ళు తెచ్చినట్టే తెచ్చింది.

కూతురు కుర్చీలో కూర్చుని చదవడం మొదలుపెట్టింది. లిఫ్టు చెడినప్పుడల్లా రిజిస్టర్ చదివే అలవాటుంది ఆమెకి. ప్రతి ఆగుడుకీ తేదీ, టైము ఉన్నాయి. అప్పుడు ఇంట్లో ఏమేం నడుస్తున్నాయో ఉంది. ఛాతీ, నడుము, చెయ్యి పొడుగు రాసిన చేతే. తప్పు రాస్తే బట్ట పాడవుతుందని భయపడే చెయ్యి.

ఆమె పైకి చదివింది.

"'ఉదయం తొమ్మిదింపావు. ఆగింది. ఇస్త్రీ పెట్టలేదు. మోటారు లేదు. లైటు వేశాను.' ఇంకోటి విను. 'పదకొండు. నేను బొత్తాలు కొనడానికి వెళ్ళాను. ఇంటికొచ్చేసరికి ఆగిందని అన్నాడు. వెళ్ళేముందు ప్లగ్గు సరిగ్గా తీయలేదేమో.' రేయ్, ఇరవయ్యేడు సార్లు ఆగింది. ఇస్త్రీపెట్టె ఆన్‌లో ఉన్నది మూడే మూడు సార్లు, అదీ కింద వాచ్‌మన్ గది దగ్గర. తొమ్మిది సార్లు అమ్మ ఇంట్లోనే లేదు. ఇంట్లో లేని మనిషి కూడా తప్పు తనదే అనుకునేలా చేశావు చూడు, నీకు మెడల్ ఇవ్వాలి!"

వాడు తెరకేసి తిరిగాడు.

"లే. వేగం తీసెయ్. కంపెనీ ఇచ్చినట్టు పెట్టు."

"ఫైనల్‌కి ఆ వేగం..."

"పెట్టమన్నానా!"

కంప్యూటర్ ఆపి, మళ్ళీ పెట్టి, తెల్లక్షరాల సెట్టింగుల్లోకి వెళ్ళి వాడు పెంచినవన్నీ తీసేశాడు. పది నిమిషాలు పట్టింది. తర్వాత ప్రాసెసర్‌ని పిండేసే పరీక్ష ఒకటి నడిపించింది అక్క. దాని పక్క ప్లగ్గులోనే ఇస్త్రీపెట్టె పెట్టింది. కుట్టుమిషన్‌కి మోటారు బిగించి ఆన్ చేసింది. ఫ్రిజ్, ఫ్యాను, మధ్యమధ్యన మిక్సీ, ఇంట్లో తిరిగేదల్లా తిప్పింది. రెండు గంటలు. టైలరమ్మ గుమ్మంలో నిలబడి తెర నీలంగా మారుతుందేమోనని కొంగు నలుపుతూనే ఉంది. తెర ఉలకలేదు, పలకలేదు.

"ఎప్పట్నుంచి తెలుసు నీకు?" అక్క అడిగింది.

"ఏంటి?"

"బుకాయించకు. ఇందాక సెట్టింగులు తీసేటప్పుడు నీ వేలు ఒక్కచోట కూడా వెతుక్కోలేదు."

వాడు కీబోర్డుకేసి చూస్తూ అన్నాడు.

"మొదటి వారంలోనే. జట్టులోవాడు చెప్పాడు, వేగం తగ్గించమని. తగ్గిస్తే మిగతావాళ్ళకంటే వెనకబడతానని... అంతకుముందు రోజే అమ్మని అన్నాను. అమ్మ వెంటనే సారీ చెప్పేసింది. చెప్పేశాక ఇక..."

"ఇక?"

"సులువైపోయింది."

గదిలో మిక్సీ ఒక్కటే అరుస్తోంది. అక్క దాన్ని ఆపింది. కొడుతుందనుకునేవాళ్ళకి నిరాశే, ఆమె కొట్టలేదు. టూల్‌బ్యాగ్ భుజానికి తగిలించుకుని గోడకానుకుని నిలబడింది.

టైలరమ్మ ఏడవలేదు. "పోనీలే, బాగైంది కదా" అంది. ఆ మాటకి వాడి మొహం ముడుచుకుపోయింది. తిట్టుంటే బాగుండేది.

వాడే లేచాడు. హాల్లో కిటికీ పక్కన బల్ల జరిపాడు. దుప్పటి మడత పెట్టి పరిచాడు. ఇస్త్రీపెట్టె ప్లగ్గు తనే పెట్టాడు. "ఇక్కడే చేసుకో అమ్మా. ఇక కిందికి వద్దు. మోటారు కూడా విప్పొద్దు. నాదే తప్పు. వంద శాతం నాదే." ఈసారి బూటకం కాదు, నిజంగానే అన్నాడు.

ఆమె కోటు పరిచి భుజం కుట్టు మీద నీళ్ళు చల్లింది. ఇస్త్రీపెట్టె పెట్టగానే చుయ్యిమంది. రెండు నెలల తర్వాత సొంతింట్లో ఆ చప్పుడు. ఆమె పెదవి కొంచెం సాగింది.

వాడు కళ్ళు తుడుచుకుని వెళ్ళి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. సాయంత్రానికి సాధన చేయాలి. మీట నొక్కాడు. లోపలి ఫ్యాను గుయ్యిమని లేచింది.

టక్కున చప్పుడు.

వాడు వెనక్కి తిరిగాడు. టైలరమ్మ గోడ దగ్గర నిలబడి ఉంది. ఇస్త్రీపెట్టె ప్లగ్గు ఊడి ఆమె పిడికిట్లో ఉంది. కోటు భుజం సగం నున్నగా, సగం ముడతలుగా బల్ల మీద ఉంది. ఆమె తన చేతికేసి అదెవరిదో అన్నట్టు చూస్తోంది.

"నేనేం అనలేదు కదమ్మా... పెట్టుకోమన్నానుగా."

"తెలుసు నాన్నా. నేను తియ్యలేదు. అది... చెయ్యే దానంతటదే పోయింది. నువ్వాడుకో."

వాడు కంప్యూటర్ వదిలేసి వచ్చి ఆమె కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. వెక్కి వెక్కి ఏడ్చాడు. అక్క కదల్లేదు, ఊరుకోబెట్టలేదు. ఏడవనీ అనుకుంది.

చాలాసేపటికి వాడు లేచి, మళ్ళీ గోడకి పెడదామని తల్లి చేతిలో ప్లగ్గు పట్టుకున్నాడు. ఆమె ఇవ్వాలనే అనుకుంది. పిడికిలి మాత్రం వదల్లేదు.

ఒక్కో వేలూ వాడే విప్పాల్సి వచ్చింది.