బానెట్ కింద బొట్టు

“మాయన్ని రేపు కోర్టుకట్టుకెల్తారంట అమ్మా. ఆయనెవులి కాలూ ఇరగ్గొట్నేదు.”

హిందీ మాట్లాడే ఒక ఉక్కు నగరంలో, సాక్చీ బజారులో మందుల షాపు పైనున్న ఆ చిన్న ఆఫీసులోకి వస్తూనే కాంతం అన్న మొదటి మాట అది. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. గోడకు ఆనుకుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది.

ప్రైవేటు డిటెక్టివ్ త్రివేణి మంచినీళ్లు ఇచ్చింది. ఆమె సహాయకుడు పైడిబాబు సత్యనారాయణ వ్రతం ప్రసాదం పొట్లం విప్పి ముందు పెట్టాడు. ఆయన ఉక్కు ప్లాంటులో క్రేను నడిపి రిటైరైన మనిషి. ఈ ఊళ్లో త్రివేణి అంత బుర్ర ఇంకెవరికీ లేదని ఆయన నమ్మకం. ఎవరైనా దొరికితే చాలు, ఆ మాట చెప్పకుండా వదలడు.

“ఒద్దు బాబూ, మాకు ఏడాది సూతకం,” అంది కాంతం. “మాయత్త హోలీ అయినాక పోనాది. ఏడాది తిరిగేదాకా మాకు పూజ నేదు, పండగ నేదు. పనిముట్లకి సేసే ఇశ్వకర్మ పూజనాడు కూడా సెడ్డు తలుపేసుకుని కూకున్నాం.”

తర్వాత అసలు సంగతి చెప్పింది. ఆమె భర్త ఆదిబాబుకు ఏటి పక్కనున్న భుయ్యాడీహ్ పేటలో మెకానిక్ షెడ్డుంది. కద్మాలో ఉండే సత్యప్రసాద్ అనే ఇంజనీరు ఈమధ్య ఒక పాత స్పోర్ట్స్ కారు కొన్నాడు. రెండే సీట్లు, టాపు వెనక్కి మడుచుకుపోతుంది. మొదటి ఆదివారమే భార్య శ్వేతను ఎక్కించుకుని డిమ్నా సరస్సు వైపు వెళ్తే మలుపులో స్టీరింగు బిగుసుకుపోయి కల్వర్టును గుద్దేశాడు. శ్వేత కుడికాలు మూడు చోట్ల విరిగింది. బండి వరదలో మునిగిందని, లోపల వైర్లన్నీ కుళ్లిపోయాయని పోలీసుల మెకానిక్ తేల్చాడు.

“ఆ మునిగింది మా సెడ్డులోనే అంటన్నారమ్మా. వానలప్పుడు మా సెడ్డులోకి నీలొచ్చిన మాట నిజిఁవే. గానీ ఆ బండి అప్పుడు మా కాడ నేదు. ఈ సలికాలంలో, కొనేముందు సూపించడానికి బండమ్మినాయనే అట్టుకొచ్చినాడు. మాయన ఇంజినూ టైర్లూ సూసి బాగానే ఉందన్నాడు. ఆ ఒక్క మాటే ఆయన సేసిన తప్పు.”

“మునిగింది మీ షెడ్డులోనే అని చెప్పిందెవరు?”

“సెంద్రసేకరు. బండమ్మినాయన. కాలిరిగిన ఆ పిల్లకి సొంత సిన్నాన్న.”

పాత కారు కొనడమంటే పెళ్లిచూపులే. వాళ్లు చూపించింది చూసి రావడమే గానీ, చాటునున్నది ఎవడికి కనబడుతుంది? అందులోనూ అమ్మేవాడు సొంత మనిషైతే బానెట్ ఎత్తి చూడటమే మర్యాద కాదనుకునే బుద్ధిమంతులం మనం. అమ్మేవాడికి కావలసిందీ అదే.

ఠాణా ఆవరణలో, వేపచెట్టు పక్కన ఆ ఎర్ర కారు మూతి పగిలి పడి ఉంది. త్రివేణి, పైడిబాబు వెళ్లేసరికి సత్యప్రసాద్ అక్కడున్నాడు.

“ఇలాంటిది కొత్తది కొనే తాహతు నాకెక్కడిది మేడమ్,” అన్నాడు. “డ్యూటీకి ఎలాగూ కంపెనీ బస్సే. ఆదివారాలకి ఉంటుందని చూశాను. చిన్నమావయ్య తక్కువలో ఇప్పిస్తానన్నారు. టాపు తెరుచుకుంటుందా లేదా అని ఒక్కటే చూశాను నేను. ఇంకేమీ చూడలేదు.”

త్రివేణి తలుపు తెరిచింది. ముందు మల్లెపూల సెంటు, దాని వెనకే కుళ్లిన గోనెసంచి కంపు. సీట్లకు మెరిసిపోయే కొత్త తోలు. కింద కార్పెట్ లాగితే నల్లటి బురద జిగురు వేలికి అంటింది. పైన పటారం, లోన లొటారం. ఆ సెంటు చల్లిన చేయి సొంత అన్నకూతురు కూర్చునే సీటు మీదే చల్లింది. థూ, ఆ కంపుకన్నా ఆ సెంటే ఎక్కువ రోత పుట్టించింది పైడిబాబుకు.

బానెట్ లేపి టార్చి వేసింది త్రివేణి. ఇంజనంతా అద్దంలా తుడిచి ఉంది. బ్యాటరీ వెనక రేకు మీద మాత్రం అరచేయంత మేర ఎవరూ ముట్టుకోలేదు. అక్కడ నూనెతో కలిపి పెట్టిన గుండ్రటి పసుపు, మధ్యలో కుంకుమ బొట్టు. దాని మీద పలచగా ఎండిన ఒండ్రుమట్టి. గోటితో ఒక అంచున మట్టి గీకింది. కిందనున్న పసుపు ఇంకా పచ్చగానే ఉంది.

“బాబాయ్, ఈ ఏడు ఏరు పొంగింది ఎప్పుడు?”

“సెప్టెంబరులో, ఇశ్వకర్మ పూజ అయిన వారంలోనే కదమ్మా,” అన్నాడు పైడిబాబు. “ సువర్ణరేఖ, ఖర్కాయి రెండూ ఒకేసారి పొంగినాయి. ఇటు భుయ్యాడీహూ అటు ఆదిత్యపూర్ పల్లమూ మునిగినాయి.”

ఆమె బానెట్ దించేసింది.

బండి మొదటి యజమాని శివశంకర్ సింగ్‌కు ఆదిత్యపూర్‌లో బోల్టుల కార్ఖానా ఉంది. ఆయన హిందీలోనే మాట్లాడాడు. బండిని శ్రావణంలోనే చంద్రశేఖర్‌కు ఇచ్చేశానని, తేదీ లేని ఫారాల మీద సంతకం పెట్టి తాళం చేతిలో పెట్టానని చెప్పాడు. ఇక్కడ పాత బళ్లు చేతులు మారేది అలాగే. మధ్యవాడి పేరు ఎక్కడా ఎక్కదు. ఆయన చెబుతుంటే త్రివేణి కార్ఖానా అంతా కలయజూసింది. ప్రతి లేతు మీదా, ప్రెస్సు మీదా, ఆయన తిరిగే జీపు మీదా నారింజ రంగు సింధూరంతో స్వస్తిక్ గుర్తు.

అక్కణ్ణుంచి ఆ పల్లంలోనే ఏటి ఒడ్డునున్న చంద్రశేఖర్ పాత బళ్ల యార్డుకు వెళ్లారు. ఆయన నుదుట నిలువునా నామం, మాట తేనె.

“రండి త్రివేణమ్మా. ఏటి సెప్పమంటారు, మా శ్వేత గురించి తలుసుకుంటే ముద్ద దిగట్లేదు. సింగ్ గారి దగ్గర బండి తీసుకున్నది నేనే, కాదన్ను. టాపు గుడ్డ చిరిగుంటే కుట్టించమని ఆ రోజే ఆదిబాబు షెడ్డుకి పంపీసినాను. వాడు వరద సంగతి దాచీసినాడు. మనోడు కదా అని నమ్మినాను, అదే నా కర్మ.”

“మరి వరదొచ్చినప్పుడు మీ యార్డులో బళ్లు?”

“ముందే మెట్టకి తోలించీసినాం. దేవుడి దయ.”

“శ్వేతని చూడ్డానికి వెళ్లారా?”

“ఎల్లాలి. ఈ పోలీసు గొడవ తేలితే ఎల్తాను.”

బయటకు వచ్చాక పైడిబాబు కాలవలోకి ఉమ్మేశాడు. “ముద్ద దిగని మనిషి మూతికి నెయ్యి మెరుస్తోందమ్మా,” అన్నాడు.

ఆ సాయంత్రం త్రివేణి అడిగిందని, తెలుగు తెలిసిన సబ్ ఇన్‌స్పెక్టర్ సౌరభ్ అందరినీ ఠాణాకు పిలిపించాడు. కారు చుట్టూ నిలబడ్డారు. ఆదిబాబును లాకప్ నుంచి తెచ్చారు. అతను తల ఎత్తలేదు. కాంతం అతని చొక్కా అంచు పట్టుకుని వదల్లేదు.

త్రివేణి బానెట్ ఎత్తింది.

“ఈ బండి మునిగిందని అందరికీ తెలుసు. ఎవరి దగ్గరున్నప్పుడు మునిగింది అన్నదే తేలాలి. కాగితాలు చెప్పవు. ఈ బొట్టు చెబుతుంది. బొట్టు కింద ఉంది, మట్టి దాని మీద ఉంది. అంటే ముందు పూజ, తర్వాత వరద. ఈ ఊళ్లో బళ్లకీ యంత్రాలకీ బొట్టు పెట్టేది విశ్వకర్మ పూజకే. ఆ రోజు బండి ఎవరి దగ్గరుందో, వారం తిరక్కుండా అది మునిగిందీ వాళ్ల దగ్గరే.”

“అయితే సింగ్ గారింట్లోనే అయ్యుంటది,” అన్నాడు చంద్రశేఖర్. “ఆయన శ్రావణంలో ఇచ్చినాడో, దసరాకి ఇచ్చినాడో, నాకు మాత్రం సరిగ్గా గుర్తుందేటి?”

“పొద్దున బాగానే గుర్తుంది మీకు. వరదకి ముందే ఆదిబాబు షెడ్డుకి పంపానన్నారు. సింగ్ గారి పంతులు పెట్టేది నారింజ సింధూరంతో స్వస్తిక్. ఇది గడపకి పెట్టినట్టు పెట్టిన పసుపు, కుంకుమ. ఇది తెలుగువాళ్ల ఇంటి బొట్టు.”

“మరి ఆదిబాబు తెలుగోడు కాడేటి?”

“తెలుగువాడే. కానీ హోలీ తర్వాత వాళ్లమ్మ పోయింది. ఏడాది పూజల్లేవు. విశ్వకర్మ పూజకి షెడ్డు తెరవనే లేదు. భుయ్యాడీహ్‌లో ఎవరినడిగినా చెబుతారు. ఎవరినో ఎందుకు, ఆ పెద్దమ్మ పెద్దకర్మ భోజనానికి మీరూ వెళ్లే ఉంటారు.”

“వచ్చినాడు,” అంది కాంతం. “రొండుసార్లు వడ్డించినాను.”

సౌరభ్ చంద్రశేఖర్ వైపు తిరిగాడు. “బోలియే,” అని సంజాయిషీ అడిగాడు.

“బొట్టట బొట్టు. ఏ క్లీనరో పెట్టుంటాడు. దాన్నట్టుకుని నన్ను దొంగని సేత్తారేటి?” గొంతు పెంచాడు చంద్రశేఖర్.

త్రివేణి తడిగుడ్డ ఒకటి ఆయన చేతికిచ్చింది. “మీకు సంబంధం లేని బొట్టే కదా. సౌరభ్ గారు ఫోటోలు తీసేసుకున్నారు. తుడిచేయండి.”

చంద్రశేఖర్ గుడ్డ తీసుకున్నాడు. ముందుకు వంగాడు. చేయి బొట్టు దాకా వెళ్లి ఆగిపోయింది. మళ్లీ చాచాడు, మళ్లీ ఆగింది. నుదుట చెమట పట్టి నామం కారింది.

“ఇప్పుడొద్దమ్మా,” అన్నాడు సన్నగా. “దీపాలెట్టే ఏళ. మా ఇంటిది తలారా స్నానం చేసి పెట్టినాది. తుడిత్తే పాపం తగుల్తాది.”

తను ఏమన్నాడో ఆయనకు మెల్లిగా తెలిసింది. గుడ్డ చేతిలోంచి జారింది.

“ఇంజనంతా కడిగించి, ఇది మాత్రం ఎందుకు వదిలేశారో నాకు పొద్దున్నే అర్థమైంది,” అంది త్రివేణి. ఆమె గొంతులో కోపం లేదు, ఏవగింపే ఉంది. “వైర్లు కుళ్లాయని తెలుసు. స్టీరింగు ఏదో ఒక రోజు చచ్చిపోతుందనీ తెలుసు. అందులో అన్నకూతుర్ని కూర్చోబెట్టి పంపడానికి మీకు భయం వేయలేదు. పేదవాణ్ణి జైల్లో వేయించడానికీ వేయలేదు. బొట్టు తుడవడానికి వేసింది.”

“మునిగిన బండి ఎవుడు కొంటాడమ్మా,” అని గొణిగాడు చంద్రశేఖర్. “పరాయోడైతే నాలుగుసోట్ల సూపిత్తాడు. ఈ అల్లుడైతే అడగడు.”

ఆ మాట విన్న సత్యప్రసాద్ వేపచెట్టు మొదట్లో కూలబడి వాంతి చేసుకున్నాడు. పైడిబాబు వెళ్లి వీపు నిమిరాడు. దొంగలను చాలామందిని చూశాడాయన. నమ్మకం ఉన్నచోట ముంచితే తేలిక అని లెక్కవేసుకుని చేను మేసిన ఇలాంటి కంచెను మాత్రం ఇదే మొదటిసారి చూడటం. ఇంటికెళ్లి తలమీద నీళ్లు పోసుకుంటే గాని ఈ మైల పోదనిపించింది.

సౌరభ్ ఆదిబాబును వదిలేయమని చెప్పి, చంద్రశేఖర్‌ను లోపలికి తీసుకెళ్లమన్నాడు. చంద్రశేఖర్ ఒక్క నిమిషం ఆగమని బతిమాలాడు. కాళ్ల మీద పడతాడేమో అనుకుని ఆదిబాబు కంగారుగా వెనక్కి జరిగాడు. ఆయన ఆదిబాబు వైపు చూడనే లేదు. కారు దగ్గరికి వెళ్లి, బొట్టు ముందు రెండు చేతులూ జోడించి, లెంపలు వేసుకుని, కళ్లు మూసుకుని ఏదో గొణుక్కున్నాడు. తర్వాత లోపలికి నడిచాడు.

కాంతం అంతా చూసింది.

“రేకుకి సెమాపన సెప్పుకున్నాడయ్యా,” అంది మొగుడితో. “నీకూ సెప్పలేదు, కాలిరిగిన ఆ పిల్ల పేరూ ఎత్తలేదు. పద, ఇంటికి పోదాం.”