ఎండలో పడుగు

"బాంబు పేల్చేది విదేశీ ముఠా. పేరు మాత్రం నక్సలైట్లది."

జగిత్యాల గెస్ట్‌హౌస్‌లో చీఫ్ ఈ మాట చాయ్ తాగుతూ చెప్పాడు. ఎనభై తొమ్మిదో సంవత్సరం అది. ఏజెంట్ రాజనర్సుకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఎక్కడ సార్?"

"కోరుట్ల బయట మోటార్‌సైకిల్ రేస్ ట్రాక్. ఆదివారం పొద్దున. గ్యాలరీ నిండా జనం ఉంటారు."

"పేలిన తర్వాత?"

"తర్వాత సంగతి పోలీసులు చూసుకుంటారు."

చూసుకుంటారు! ఎట్లా చూసుకుంటారో రాజనర్సుకు ఒకరు చెప్పాలా? సిరిసిల్లలో మగ్గం నేసే అతని అన్న బుచ్చయ్య, రాత్రి తలుపు కొట్టిన నక్సలైట్లకు బువ్వ పెట్టాడు. పెట్టకపోతే వాళ్లు ఊరుకునేవాళ్లా? తెల్లారి పోలీసులొచ్చి వేళ్లు విరగ్గొట్టారు. ఇప్పుడు బుచ్చయ్య తెగిన పోగు అతకలేడు, అన్నం కలుపుకోలేడు. ఈ బాంబు పేలితే ఇంకెన్ని ఇళ్లలో ఎన్ని చేతులు విరుగుతాయో!

రాజనర్సు కెమెరామన్ వేషం కట్టాడు. రేస్ కంపెనీ కోసం టైమ్ ల్యాప్స్ ఫిల్మ్ తీయడమని అందరికీ చెప్పాడు. కామెంటరీ టవర్ మీద కెమెరా బిగించి టైమర్ తగిలించాడు. అది పది సెకన్లకో ఫ్రేమ్ కొడుతుంది. రోజంతా జరిగింది తెర మీద మూడు నిమిషాల్లో పరుగెత్తిపోతుంది.

శనివారం సాయంత్రం ఎర్రచీర, నల్లకళ్లద్దాల అమ్మాయి ఒకతె టవర్ కిందికి వచ్చింది.

"మేడిపల్లి బస్సు పోయిందా అన్నా?"

"గొల్లపల్లి మీదికెళ్లి పోయింది."

కోడ్ కలిసింది. ఆమె నీల. రేసుకు జెండా ఊపే మోడల్. జీతం ముఠా ఇస్తుంది, కబుర్లు మన డిపార్ట్‌మెంట్‌కు చేరవేస్తుంది. డబుల్ ఏజెంట్.

"బాంబు పెట్రోల్ షెడ్డు కింద ఉన్నది. గాడ తవ్వమను నర్సన్నా," అంది. కెమెరా వంక చూసి నవ్వింది. అది వట్టి వేషమే అనుకుంది పాపం.

ఆదివారం వచ్చింది. బాంబ్ స్క్వాడ్ షెడ్డు కింద తవ్వుతూనే ఉంది. ఏమీ దొరకలేదు. ట్రాక్ మీద బండ్లు గుర్రుమంటున్నాయి. టవర్ కింది గదిలో రాజనర్సు, అప్పుడే కడిగి ఆరేసిన శనివారం రీలును ప్రొజెక్టర్‌కెక్కించాడు.

తెర మీద మబ్బులు ఉరికాయి. కూలీలు కడుతుంటే గ్యాలరీ లేచింది. ట్రాక్ పక్కన ఇద్దరు నేతగాళ్లు పడుగు పరిచారు. గ్యాలరీ నుంచి జెండా స్టేజీ దాకా సాగదీసిన, మగ్గమెక్కాల్సిన నిలువు నూలు. చదును నేల కనిపిస్తే పడుగు పరచడం ఈ దిక్కున మామూలే, ఎవరూ పట్టించుకోలేదు. కానీ గుంజల నీడలు ఇటు నుంచి అటు తిరిగాయి, ఎండ ఎక్కింది, దిగింది, పడుగు మాత్రం అట్లే ఉంది! ఎర్రచీర ఒకటి మాటిమాటికీ దాని దగ్గరికి వచ్చిపోతోంది.

రాజనర్సు కుర్చీ తన్ని లేచాడు. గంజి పట్టించిన పడుగును ఎండ ముదరకముందే చుట్టేస్తారు. లేకపోతే పోగులు పెళుసెక్కి పటపటా తెగిపోతాయి. నేతగాళ్ల ఇంట్లో చిన్నపిల్లకు కూడా తెలుసు.

"దొంగ నా కొడుకులు! మా వేషమేసిన్రు, మా పని నేర్వలే!"

ఒకటే పరుగు. పడుగు పక్కన ఒకడు బీడీ తాగుతున్నాడు.

"ఏం బావా, పడుగు ఎప్పుడు పరిచినవ్?"

"గిప్పుడే, పొద్దుగాల."

రాజనర్సు పిడికిలి వాడి దవడ పగలగొట్టింది. రెండోవాడు జేబులో చెయ్యి పెట్టేలోపే మోకాలితో కడుపులో కుమ్మాడు.

ఆ పోగుల మధ్య ఎక్కడో, జెండా స్టేజీ నుంచి గ్యాలరీ కింది బాంబుకు పోయే సన్నని రాగి తీగ ఉండాలి. ఏదని వెతకాలి? మైక్‌లో లెక్క మొదలైంది. మూడు... చాకు తీశాడు, చెయ్యి ఆగింది. చిన్నప్పుడు పడుగు మీద కాలు పడితేనే అమ్మ వీపు చిట్లగొట్టేది. రెండు... అన్న వేళ్లు గుర్తొచ్చాయి. ఒకటి... పడుగునంతా అడ్డంగా కోసిపారేశాడు.

నీల జెండా దించింది. బండ్లు దుమ్ము రేపుకుంటూ దూకాయి. గ్యాలరీలో జనం ఈలలు వేశారు. నీల జెండా కర్రకున్న మీట నొక్కింది. మళ్లీ నొక్కింది.

"కరెంట్ పోయింది చెల్లె," అంటూ రాజనర్సు బేడీలు వేశాడు.

"నేను మీ మనిషినే గదా!"

"మరి నిన్న పొద్దంత పడుగు కాడ ఏం పని నీకు?"

స్క్వాడ్‌కు గ్యాలరీ కింద బాంబు దొరికింది, వెనక కారులో ముఠా బాసు దొరికాడు. వైర్‌లెస్‌లో చీఫ్ గొంతు వినిపించింది.

"శభాష్! కానీ పైవాళ్లు రిపోర్టులో నక్సలైట్ల పేరే రాయమంటున్నారు. రేపు ఊళ్లల్లో సోదాలు."

రాజనర్సు పళ్లు పటపటా కొరికాడు. రీలు తీసి చంకలో పెట్టుకున్నాడు.

"రాసుకోండి సార్. నేను హైదరాబాద్ పోయి పేపరోళ్లందరికీ సినిమా ఆడిస్తా. చిన్నదే, ఇంటర్వెల్ గూడ లేదు."