ఎర్రమాత్ర పరీక్ష

"నోరు తెరవండి మాస్టారూ. సిగ్గెందుకు?"

మూడో తరగతి మొత్తం నా నోటివైపే చూస్తోంది. పళ్ళ డాక్టరమ్మ తెచ్చిన ఎర్రమాత్రను నమలనే నమలమని పిల్లలు మొండికేస్తే, ఆవిడ ముందు హీరోనైపోదామని నేనే నమిలాను. సరిగ్గా తోమనిచోట పాచి ఎర్రబడుతుందని ఆవిడ చెబుతూనే ఉంది. నేను వింటేగా! ఆవిడ బుగ్గ మీద సొట్టనే చూస్తున్నాను.

నోరు తెరిచాను. పిల్లలు గొల్లుమన్నారు.

"రాత్రిపూట తోముతారా?"

"రోజూ అండీ."

"మీ పళ్ళు అలా అనట్లేదే! తోమకుండా పడుకుంటే తిన్న తీపి తెల్లార్లూ పళ్ళని పాడుచేస్తుంది. మీరే ఇలా ఉంటే వీళ్ళకేం చెప్తారు?"

నాకు తల కొట్టేసినట్టయింది. నెల తర్వాత ఇంకొక్కసారి వస్తానని, ఆ తర్వాత వేరే స్కూలని చెప్పి వెళ్ళిపోయింది.

ఆ నెలంతా నాకు ముప్ఫైమంది అత్తగార్లు. హాజరు కూడా వేయకముందే ముందు బెంచీలో తొర్రిపళ్ళ పిల్ల లేచేది.

"రాత్రి తోమారా సార్?"

"తోమానే తల్లీ!"

"డాక్టరమ్మ చెప్పినట్టు రెండు నిమిషాలూ?"

ఒకరోజు ఉండబట్టలేక చెప్పేశాను. "ఈసారి ఒక్క మచ్చ కూడా లేకపోతే డాక్టరమ్మని ఒక మాట అడుగుతానర్రా. ఎవరికీ చెప్పకండి." ముప్ఫైమందికి చెప్పి ఎవరికీ చెప్పొద్దన్నాను. అదీ నా తెలివి.

డాక్టరమ్మ వస్తానన్న రోజు రానే వచ్చింది. జోరున వాన. ఇక రాదేమోనని నేను ఉసూరుమంటుంటే, గొడుగు దులుపుకుంటూ వచ్చింది. ఈసారి పిల్లలే పోటీపడి మాత్రలు నమిలారు. పళ్ళు చాలావరకు తెల్లగానే ఉన్నాయి. చివరికి చిన్న అద్దం పట్టుకుని నా దగ్గరకొచ్చింది.

"భేష్... ఆగండాగండి. కింద ఎడమవైపు, చివరి పన్ను వెనక. ఒక్క మచ్చ."

నీరుగారిపోయాను.

"అయితే అడగరా సార్?" అంది తొర్రిపళ్ళ పిల్ల, ఏడుపుగొంతుతో.

"ఏమిటి అడిగేది?" అంది డాక్టరమ్మ.

ఇక దాచి ఏం లాభం! "నన్ను పెళ్ళి చేసుకుంటారా అని. మీరంటే నాకు చాలా ఇష్టం."

"నన్ను చూసింది రెండుసార్లేగా!"

"మీరు నా నోరంతా చూసేశారు. ఇంకా తెలుసుకోవడానికేముందండీ?"

ఆవిడ నవ్వలేదు. డబ్బాలోంచి మాత్ర తీసి తనే నమిలింది. నీళ్ళతో పుక్కిలించి, నా ముందు నిలబడి నోరు తెరిచింది. కింద ఎడమవైపు, చివరి పన్ను వెనక, ఎర్రటి మచ్చ!

"అక్కడ నాకూ బ్రష్ సరిగా అందదు," అంది. అప్పుడు పడింది బుగ్గన సొట్ట. "ఆదివారం మా ఇంటికి రండి. నాన్నగారితో మాట్లాడుదురుగాని."

పిల్లలు బల్లలు బాదేశారు. తొర్రిపళ్ళ పిల్ల మాత్రం నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"అదంతా తర్వాత. ముందు ఇద్దరూ వెళ్ళి తోముకోండి!"